కామమ్మ చెప్పిన మందు

మైపాడు నుంచి ఇందుకూరుపేట దాకా, ఆ నడుమ ఊళ్ళన్నింటిలో కామమ్మ గొంతు ఎరగనివాళ్ళు లేరు. పొద్దున తెప్పలు ఒడ్డుకు రాగానే కానాగంతలో కవళ్ళో, ఏ చేపలు పడితే అవి గంపకెత్తుకుని, ఉప్పుకాలవ దాటి, వరిపొలాల గట్ల మీదుగా ఎనిమిదేసి మైళ్ళు నడిచేది. వీధి మొదట్లో ఆమె కేక వినబడితే వీధి చివర ఆడవాళ్ళు చట్టి కడుక్కుని గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. చేప మెత్తబడిందని అనుమానం వస్తే తనే తీసి కాలవలోకి విసిరేసేది తప్ప ఎవరికీ అంటగట్టేది కాదు. అందుకని ఆ ఊళ్ళలో ఆమె మాటకు విలువ ఉండేది. కామమ్మ బాగుందంటే బాగున్నట్టే. ఆమె బతుకులో జరిగిన చెడ్డంతా ఆ విలువ వల్లనే జరిగింది.

మొగుడు ముత్యాలయ్య తెప్ప మీద వేటకు పోయేవాడు. మాట తక్కువ మనిషి. వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టి రెండేళ్ళకే అమ్మవారు పోసి పోయింది. ఆ తర్వాత పిల్లలు కలగలేదు.

1958లో కార్తీకమాసపు వానల్లో కామమ్మకు చేతులు మొరాయించాయి. అప్పటికి ఆమెకు ముప్పైనాలుగేళ్ళు. నిద్రలేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి, పొద్దు బారెడెక్కేదాకా పిడికిలి మూసుకునేది కాదు. కణుపులు పసుపుకొమ్ముల్లా లావెక్కాయి. సంక్రాంతి దాటేసరికి మణికట్లు, ఎండాకాలానికి మోకాళ్ళు. వావిలాకు కాపడాలు పెట్టింది. నెల్లూరు పెద్దాసుపత్రిలో ఇచ్చిన తెల్లబిళ్ళలు మింగితే నొప్పి కాస్త సర్దుకునేది కాని, కడుపులో మంట, చెవుల్లో హోరు. ఒకనాడు కొప్పు ముడి వేసుకోవడం చేతకాక మొగుణ్ణి పిలిచింది. ముత్యాలయ్యకు తెలిసింది వలముడి ఒక్కటే. అదే వేశాడు. అది విప్పడానికి పక్కింటామె కత్తెర తేవలసి వచ్చింది. కామమ్మ ఆ రోజు నవ్వింది కాని మర్నాటి నుంచి గంప ఎత్తలేదు.

కాలవ గట్టున మాల్యాద్రి అనే అతను పాక వేసి వైద్యం మొదలుపెట్టింది ఆ ఏడే. అంతకుముందు అతను నెల్లూరులో ఒక పేరున్న డాక్టరు దగ్గర పద్నాలుగేళ్ళు కాంపౌండరుగా చేశాడు. ఆ డాక్టరు చివరి రెండు మూడేళ్ళలో దొరల సీమ నుంచి ఒక కొత్త బిళ్ళ వచ్చింది. చిన్నది, తెల్లది. మంచంలోంచి లేవలేని మనిషి ఆ బిళ్ళ వేసుకుని వారంలో బావి నుంచి నీళ్ళు తోడుకోవడం మాల్యాద్రి కళ్ళారా చూశాడు. డాక్టరు దాన్ని ఎవరికి పడితే వాళ్ళకు ఇచ్చేవాడు కాదు. ఇచ్చినా కొద్ది వారాలే ఇచ్చి, వారం వారం కొంచెం కొంచెం తగ్గించి ఆపేవాడు. తగ్గించేటప్పుడు నొప్పులు తిరిగొచ్చి రోగులు ఏడవడం కూడా మాల్యాద్రి చూశాడు. డాక్టరు చనిపోయాక ఇవ్వడం ఒకటే గుర్తుపెట్టుకున్నాడు. ఏడుస్తూ వెళ్ళినవాళ్ళు మళ్ళీ తన పాకకు రారని అతనికి తెలుసు.

బిళ్ళలను కల్వంలో నూరి, చక్కెర కలిపి, గులాబిరంగు అద్ది, పొట్లాలు కట్టేవాడు. మందు పేరు ఎవరికీ చెప్పేవాడు కాదు. పేరు తెలిస్తే జనం నెల్లూరు పోయి కొనుక్కుంటారు.

"ఎన్నాళ్ళ నించి కామమ్మా?" అని అడిగాడు ఆమె చేతులు పట్టి చూస్తూ.

"ఏడాది కావస్తా ఉండాదన్నా. గంప ఎత్తి మూడు నెల్లు. ఆయన తెచ్చిన చేప ఇంట్లోనే ఎండబెడతా ఉండా."

"పొద్దున్నే సద్దన్నం తిన్నాక ఒక పొట్లం, మళ్ళా పొద్దుగూకేటప్పుడొకటి. నాలుగోనాడు రా. బండిలో కాదు, నడిచొస్తావు."

నాలుగోనాటి దాకా పట్టలేదు. మూడోనాడు పొద్దున లేచి పిడికిలి మూసింది, మూసుకుంది. తెరిచింది, మళ్ళీ మూసింది. ముత్యాలయ్య తెప్ప కట్టేసి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కూచుని కొప్పు వేసుకుంటోంది. అతన్ని చూసి పెద్దగా ఏడ్చింది. వారం తిరక్కుండా గంప నెత్తికెత్తుకుంది.

ఇక ఆమె నోటికి ఆపు లేదు. చేప తూచే ముందు చెయ్యి చాపి చూపించేది. వేళ్ళు ముడిచి విప్పేది. "మాల్యాద్రన్న చెయ్యి అట్టాంటిది" అనేది. కీళ్ళు పట్టినవాళ్ళు, ఒంటి దురదలవాళ్ళు, ఆయాసంవాళ్ళు ఎవరు కనబడినా కాలవ గట్టుకు తోలేది. కొందరిని తానే వెంటబెట్టుకు పోయింది. అట్లా పోయినవాళ్ళలో హజరత్తయ్య ఒకడు.

హజరత్తయ్య ఇందుకూరుపేట పక్క పల్లెలో రెండెకరాల రైతు. వడ్లు తూర్పారబట్టే రోజుల్లో అతని ఉబ్బసం చూసేవాళ్ళకు భయం పుట్టేది. కూచుని, మోకాళ్ళు పట్టుకుని, గాలి కోసం కొట్టుకునేవాడు. భార్య పెంచలమ్మ కామమ్మ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా చేపలు కొనేది కాదు. మొదట హజరత్తయ్య ఒప్పుకోలేదు.

"ఏం పొడో ఏందో. పేరు చెప్పని మందు నాకొద్దు తల్లీ."

"పేరుతో నీకేం పనన్నా? నా చెయ్యి చూడు. నేను నీకు ఏనాడన్నా కుళ్ళిన చేప ఇచ్చినానా?"

ఆ మాటకు పెంచలమ్మ నవ్వి, మొగుణ్ణి బలవంతాన పంపింది. అతనికీ నాలుగు రోజుల్లో ఆయాసం తగ్గింది. ఆ ఏడు కుప్ప నూర్పుళ్ళు తనే దగ్గరుండి చేయించుకున్నాడు.

ఏడాది గడిచింది. కామమ్మకు ఆకలి పెరిగింది, నిద్ర తగ్గింది, ఎక్కడలేని హుషారు వచ్చింది. మొహం గుండ్రంగా, నిండుగా, ఎర్రగా తయారైంది. మెడ వెనక కండ లేచింది. మైపాడు పాలెంలో ఆడవాళ్ళు "కామమ్మ ఒళ్ళు చేసింది" అని ముచ్చటపడ్డారు. చేతులు కాళ్ళు సన్నబడుతుండటం ఎవరూ పట్టించుకోలేదు. పొట్ట ముందుకు వచ్చింది. ముట్టు ఆగిపోయింది.

ఒక నెల చూసింది, రెండు నెలలు చూసింది. మూడో నెల మొగుడికి చెప్పింది. ఆ సాయంత్రం ముత్యాలయ్య పోలేరమ్మ గుడికి పోయి టెంకాయ కొట్టొచ్చాడు. మర్నాటి నుంచి వలలో పడిన మంచి మాగచేప అమ్మకానికి పోకుండా ఇంటికి రావడం మొదలైంది. బరువు ఎత్తొద్దని గంప తనే కాలవ దాకా మోసి ఇచ్చేవాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమెకు అంత సుఖం ఎప్పుడూ లేదు. పొట్ట మీద ఎర్రగా, ఊదాగా చారలు పడితే, బిడ్డ కడుపులో ఉంటే అట్లాగే పడతాయని పక్కింటామె చెప్పింది.

అయిదో నెల దాటినా కదలిక లేదు. మంత్రసాని ముసలమ్మ వచ్చి పొట్ట నొక్కి చూసింది. నొక్కినచోటల్లా చర్మం కమిలింది. చాలాసేపు చూసి చెయ్యి తీసేసింది.

"లోపల ఏం లేదు తల్లీ. అంతా కొవ్వే."

కామమ్మ చీర సర్దుకుని నేరుగా కాలవ గట్టుకు పోయింది.

"ఒక్కోరికి పొడి వల్ల అట్టా అవుతాది" అన్నాడు మాల్యాద్రి, తల ఎత్తకుండా.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే అన్నా? ఆయన గుడికి పోయినాడు. ఊరంతా తెలిసిపోయింది."

"నువ్వు అడగలా" అన్నాడతను. పొట్లం కడుతూ, "మానేస్తావా? మానేస్తే చేతులు మళ్ళీ ముడుచుకుపోతాయి. నీ ఇష్టం" అన్నాడు.

ఆమె పొట్లాలు తీసుకుని ఇంటికి వచ్చింది. చేతులు పోతే ఎట్లాంటి బతుకో ఆమె చూసింది. ముత్యాలయ్య మాగచేపలు ఇంటికి తేవడం మానేశాడు.

ఆ తర్వాత జెల్లచేప ముల్లు అరచేతిలో దిగి పుండైతే మూడు నెలలు మానలేదు. గంప దించేటప్పుడు నడుము కలుక్కుమనేది. అయినా ఆమె నోటి వెంట మాల్యాద్రి మీద ఒక్క చెడ్డమాట రాలేదు.

1961 ఎండాకాలంలో కాలవ అవతలి ఊళ్ళో, అదే పొడి వాడుతున్న ఒక ముసలాయన నల్లటి విరేచనాలై, నెత్తురు కక్కుకుని చనిపోయాడు. కొడుకులు పొట్లాలు పట్టుకుని తాలూకా కచేరీకి పోయారని తెలిసింది. మర్నాడు జనం కాలవ గట్టుకు పోయేసరికి పాకకు తాళం ఉంది. మాల్యాద్రి లేడు, సీసాలు లేవు, కల్వం లేదు. ఎటుపోయాడో ఎవరికీ చెప్పలేదు. అతని పొడి మీద నిలబడి ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల వందకు తక్కువ లేరు. వాళ్ళెవరికీ ఆ పొడిని ఉన్నట్టుండి ఆపకూడదని తెలియదు. అది తెలిసినవాడు అతనొక్కడే. అతను చెప్పకుండా పోయాడు.

కామమ్మ దగ్గర రెండు రోజుల పొట్లాలే మిగిలాయి. అవి అయిపోయిన మర్నాడు ఒళ్ళంతా పుండులా నొప్పి. రెండోనాడు వాంతులు, జ్వరం. నాలుగోనాడు లేచి నిలబడబోయి కళ్ళు తిరిగి పడిపోయింది. గుక్కెడు గంజి కూడా కడుపులో ఇమడలేదు. ముత్యాలయ్య ఆమెను భుజాన వేసుకుని బస్సెక్కించి నెల్లూరు తీసుకుపోయాడు.

పెద్దాసుపత్రిలో క్రీస్తురాజు అనే కుర్ర డాక్టరు ఉన్నాడు. నాడి చూశాడు. మొహం చూశాడు, మెడ వెనక చూశాడు, పొట్ట మీద చారలు చూశాడు.

"ఏం మందు వాడుతున్నారు?"

ముత్యాలయ్య మొలలోంచి ఖాళీ పొట్లం కాగితం తీసి ఇచ్చాడు. అంచున గులాబిరంగు అంటుకుని ఉంది.

"ఈ పొడి ఏం పొడో నాకు తెలియదు. కాని ఈ మొహం నాకు తెలుసు" అన్నాడు డాక్టరు. అప్పటికప్పుడు సెలైన్ కట్టి, నరంలోకి సూదిమందు ఎక్కించాడు. సాయంత్రానికి కామమ్మ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

తెలివి వచ్చాక ఆయన ఆమె మంచం పక్కన కూచుని తీరిగ్గా చెప్పాడు. అంత ఓపికగా ఆమెకు ఏ వైద్యుడూ ఏదీ చెప్పలేదు.

"అమ్మా, నువ్వు తిన్న పొడిలో ఉన్నది స్టిరాయిడ్. ప్రెడ్నిసొలోన్ అంటారు. చెడ్డ మందు కాదు. దాంతో మేమే ప్రాణాలు కాపాడతాం. అట్లాంటి సరుకే మన ఒంట్లో రోజూ కొంచెం తయారవుతుంది. మూత్రపిండాల పైన చిన్న గ్రంథులు రెండు ఉంటాయి. అవే చేస్తాయి. రోజూ ఎవరో వండిన కూడు ఇంటికి తెచ్చిపెడుతుంటే నువ్వు పొయ్యి రాజేస్తావా?"

"రాజెయ్యను."

"అవీ అంతే. రెండేళ్ళుగా బయటి నుంచి వస్తుంటే పని మానేశాయి. ఉన్నట్టుండి పొడి ఆగిపోయింది. లోపల పొయ్యి చల్లారిపోయి ఉంది. మనిషి కూలిపోతాడు. మళ్ళీ రాజుకోవాలంటే నెలలు పడుతుంది. అందాకా నేను చెప్పినట్టు బిళ్ళ వేసుకుంటూ, నేను చెప్పినట్టే తగ్గించుకుంటూ రావాలి."

"తగ్గిస్తే నా చేతులో?"

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "నొప్పి తిరిగొస్తుంది. దానికి వేరే మందులిస్తాను. ఇంత బాగా పనిచెయ్యవు."

నడుముకు ఎక్స్‌రే తీస్తే వెన్నులో ఒక పూస గుల్లబారి నలిగిపోయి ఉంది. ఇక జన్మలో గంప మొయ్యకూడదన్నాడు.

మూడు వారాలకు ఇంటికొచ్చింది. నడవగలిగిన రోజున కర్ర పట్టుకుని, ఆగుతూ ఆగుతూ హజరత్తయ్య ఊరికి బయల్దేరింది. సంగతి చెప్పాలని, అతనూ పొడి ఆపేసి ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పొమ్మనాలని. వీధిలో అడుగుపెట్టగానే అర్థమైంది. పెంచలమ్మ అరుగు మీద కూచుని ఉంది. నొసట బొట్టు లేదు.

"పొడి అయిపోయిన అయిదోనాడు పోయినాడు" అంది పెంచలమ్మ. "ఆయాసం కాదు కామమ్మా. ఆయాసమైతే నాకు తెలుసు. నిలువునా సోలిపోయినాడు, దీపం మాదిరి."

కామమ్మ కర్ర గోడకు ఆనించి అరుగు అంచున కూచోబోయింది.

"నువ్వు చెప్పబట్టి పంపినా. నువ్వు కాకుండా ఇంకెవరు చెప్పినా పంపేదాన్ని కాదు."

తిట్టలేదు, శపించలేదు. అంతమాత్రమే అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. తిట్టి ఉంటే కామమ్మకు కాస్త తేలిగ్గా ఉండేది.

పద్నాలుగు నెలలు పట్టింది బిళ్ళ మానడానికి. పావు బిళ్ళ తగ్గించినప్పుడల్లా వారం పది రోజులు మంచం పట్టేది. మొహంలో ఉబ్బు దిగి, చెంపలు జారి, ముప్పైఎనిమిదేళ్ళకే ముసలిదైంది. వేళ్ళు పక్కకు వాలి అట్లాగే నిలిచిపోయాయి. బెత్తెడు పొట్టి అయింది. పాలెంలోనే చాపేసుకుని నెత్తళ్ళనే ఎండుచేపలు అమ్ముకునేది. ఆ రోజుల్లోనే ఒకటి లెక్కపెట్టింది. మాల్యాద్రి దగ్గరికి తాను తోలినవాళ్ళు పదకొండుమంది. వాళ్ళలో ముగ్గురు లేరు.

1964లో ఎవరో చెప్పారు, మాల్యాద్రి నాయుడుపేటలో ఉన్నాడని, బోర్డు కూడా కట్టాడని. కామమ్మ ఒక్కతే నెల్లూరు పోయి, అక్కడ బస్సు మారి నాయుడుపేట చేరింది. ఆసుపత్రి అంటే పెంకుటిల్లు, పొడుగాటి వసారా. వసారా నిండా జనం. పొలాల్లో పనిచేసే ఆడవాళ్ళు, బండివాళ్ళు, కీళ్ళు వాచిన ముసలివాళ్ళు. లోపల బల్ల వెనక మాల్యాద్రి. జుట్టు నెరిసింది, తెల్లచొక్కా, మెడలో గొట్టం.

అతను ఆమెను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక లేచి నిలబడ్డాడు.

"కామమ్మా! కూచో, కూచో. హజరత్తయ్య ఎట్టుండాడు?"

ఆమె అన్నేళ్ళు దాచుకున్న తిట్లన్నీ ఆ ఒక్క ప్రశ్నతో ఎటోపోయాయి. అతనికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

"పోయినాడు. నువ్వు పోయిన వారానికే."

మాల్యాద్రి చేతిలో కలం కాసేపు ఆగింది. "ఉబ్బసం గదా" అన్నాడు చివరకు. కలం మళ్ళీ కదిలింది.

కామమ్మ వసారాలోకి వచ్చి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. ఒకప్పుడు నాలుగు వీధులు వినబడిన గొంతు. "ఆ పొడి తినబాకండి! నన్ను చూడండి. నా నడుము చూడండి. ఒంట్లో ఎముకలు గుల్ల చేస్తాది. మానితే ప్రాణం తీస్తాది. ముగ్గురు పోయినారు మా పక్క!"

జనం తలలు తిప్పి ఆమె వంక చూశారు. స్తంభానికి ఆనుకుని కూచున్న ఒకామె, మోకాళ్ళు రెండూ వాచినామె, అడిగింది.

"అక్కా, నువ్వు గూడా ఆ పొడి తిన్నావు గదా?"

"తిన్నా."

"తిన్నప్పుడు నొప్పి పోయిందా లేదా?"

కామమ్మ ఆ మోకాళ్ళ వంక చూసింది. ఆ మనిషి ఎట్లా లేచి వచ్చిందో, ఇంటి దగ్గర కడవ ఎట్లా ఎత్తుతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. లేదని ఒక్కమాట అంటే చాలు. అబద్ధం ఆమె నోటికి అలవాటు లేదు.

"పోయింది" అంది.

ఆ మోకాళ్ళామె వరుసలో ముందుకు జరిగింది. మిగతావాళ్ళూ జరిగారు. ఎవరో కామమ్మను భుజం పట్టి, మర్యాదగానే, మెట్లు దింపారు.

మైపాడు చేరాక రెండు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత మామూలుగా చాపేసుకుని కూచుంది. నాయుడుపేట పొట్లాలు బస్సుల్లో మైపాడు దాకా వస్తున్నాయని ఆమెకు తెలుసు. ఆమె కనబడితే జనం కొంగుల్లో, మొలల్లో దాచుకునేవాళ్ళు.

1966 వేసవిలో కామమ్మ ముత్యాలయ్య పంచె ఉతకబోతే మొలముడిలోంచి ఒక పొట్లం జారి పడింది. విప్పి చూస్తే గులాబిరంగు. గట్టు మీద కూచుని అతను వచ్చేదాకా చూసింది.

"ఎన్నాళ్ళ నించి?"

ముత్యాలయ్య ఇసకలోకి చూస్తూ నిలబడ్డాడు. "ఎనిమిది నెల్లు. మోకాలు లేవనీలేదు. తెప్ప నెట్టాలి గదమే. నువ్వేమో గంప మొయ్యలేవు."

"నన్ను భుజానేసుకుని మోసినోడివి. నీకు గూడా తెలియలేదా?"

ఆమె పొట్లం చేతిలో పట్టుకుని సముద్రం వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అది విసిరేస్తే ఏమవుతుందో ఆ పాలెం మొత్తంలో ఆమెకొక్కదానికే తెలుసు. వెనక్కి వచ్చి పొట్లం అతని చేతిలోనే పెట్టింది.

మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని నెల్లూరు పోతే, క్రీస్తురాజు డాక్టరును ఎక్కడికో బదిలీ చేశారన్నారు. ఆ కుర్చీలో ఉన్నాయన పొట్లం వాసన చూసి, నాటుమందు వెంటనే ఆపెయ్యమని చీటీ రాసి పంపించాడు. కామమ్మ ఆ చీటీ దోవలోనే చించేసింది. ఇంట్లో ఉన్న పొట్లాలన్నీ ఒక సీసాలో పోసింది. అవి చాలక, తానే మనిషిని పంపి నాయుడుపేట నుంచి ఇంకా తెప్పించింది. ఆ మనిషి చేతికి ఖర్చులిచ్చేటప్పుడు ఆమె మొహం చూడటానికి పక్కింటామెకు భయం వేసింది. రోజూ పొద్దున ఆ వంకర వేళ్ళతో తానే పొడి కొలిచి మొగుడి చేతిలో పోసేది. రెండు వారాలకొక చిటికెడు తగ్గించేది. అతను నీరసపడితే అక్కడే ఆపి, తేరుకున్నాక మళ్ళీ తగ్గించేది.

తొమ్మిది నెలలకు సీసా కడిగేసింది. ముత్యాలయ్య బతికాడు. మోకాలు మాత్రం మునుపటికంటే ఎక్కువగా బిగుసుకుపోయింది, మళ్ళీ తెప్ప ఎక్కలేకపోయాడు. ఒడ్డున కూచుని పరాయివాళ్ళ వలలు బాగుచేసి పెట్టేవాడు. ఎవరైనా మోకాలు సంగతి అడిగితే, "పొడి ఉన్నన్నాళ్ళు బాగానే ఉండె. మా ఆడమనిషి మానిపించింది" అనేవాడు. కామమ్మ వినేటట్టే అనేవాడు. ఆమె నెత్తళ్ళ మీద ఈగలు తోలుకుంటూ వినేది.